ఎర్రంచు దగ్గర తెల్లపోగు

మొన్న మా మనవరాలి చెయ్యి పట్టుకుని గట్టిగా కేక పెట్టాను. భయంతో కాదు, సంతోషంతో. ఆరో తరగతి పిల్ల. బడిలో ఏదో ఉపన్యాస పోటీ అట. పొద్దున్నించీ కడుపునొప్పి అంటోంది, దోసె ముట్టలేదు, జడ వేయించుకుంటూ రెండుసార్లు ఏడ్చింది. "దీనికి యాంగ్జైటీ అమ్మా, బడిలో మేడమ్ కూడా చెప్పింది" అని మా అమ్మాయి నాకు డాక్టర్ల భాషలో వివరిస్తోంది. పిల్లను ఊరడిద్దామని చెయ్యి అందుకున్నాను. తడి! అరచెయ్యంతా తడి, వేళ్ళ సందుల్లో కూడా తడి.

"ఓసి నీ! ఇది నా చెయ్యే గదే!" అని అరిచాను.

పిల్ల ఏడుపు ఆపి నన్ను వింతగా చూసింది. మా అమ్మాయికి కోపమొచ్చింది. "అది అట్ల బాధపడుతుంటే నీకు సంబరమేంటమ్మా?" అంది. సంబరం కాక మరేమిటి? కూతురికి నా ముక్కు రాలేదు, కొడుకుకు నా రంగు రాలేదు. ఇన్నేళ్ళకు నాది అని చెప్పుకోవడానికి ఈ చెమటచెయ్యి వచ్చింది. ఆ పూట పిల్లను బడికి పంపించి వచ్చి కూర్చుంటే, నా పదకొండో ఏడు, మా వీధి, మా మగ్గం, నా దూదిపిల్ల, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

మాది మైదుకూరుకు ఆవల, రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే వచ్చే మగ్గాల ఊరు. వీధి పొడుగునా ఇంటికో గుంట మగ్గం. నేసేవాళ్ళు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చునేవాళ్ళు. పొద్దు పొడవగానే ఒక ఇంట్లో టకటక మొదలయ్యేది. వెంటనే పక్కింట్లో, ఎదురింట్లో. కాసేపటికి వీధంతా ఒకటే మోత. మేము ఆ మోతలోనే మాట్లాడుకునేవాళ్ళం, అందుకే మా ఊరివాళ్ళకు ఇప్పటికీ నెమ్మదిగా మాట్లాడటం రాదు. నూలుకు పెట్టే గంజి వాసన ఒకపక్క, జొన్నరొట్టె కాలే వాసన ఒకపక్క, రోట్లో చెనిక్కాయల ఊరిబిండి నూరుతుంటే వచ్చే ఆ వాసన ఇంకోపక్క. అబ్బబ్బ, రాస్తుంటేనే నోట్లో నీళ్ళూరుతున్నాయి!

అటువంటి ఇంట్లో చెమటచేతులతో పుట్టాను నేను. గంజి పట్టిన నూలు మీద తడి చెయ్యి పడితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. తెల్లనూలైతే మరకలు పడతాయి. అందుకని నేను రాట్నం దగ్గరికి పోతే "లెయ్ లెయ్" అనేవాళ్ళు, నూలు చిలపల కట్టలు సర్దబోతే "ముట్టుకోవద్దు మే!" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది. నాయనైతే ఏమీ అనేవాడు కాదు. నా చేతుల వైపు ఒకసారి చూసి, నూలు అవతలికి జరిపేవాడు. తిట్టినా బాగుండేది.

ఆ చెమట ఎండకు పట్టేది కాదు, భయానికి పట్టేది. మరి నాకు భయం లేనిదేముంది? లెక్కల అయ్యవారంటే భయం. నాయన మైదుకూరు సంతకు పోయి కాస్త ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందని భయం. గొళ్ళెం పెట్టానా లేదా అని మూడుసార్లు పోయి చూసి వచ్చేదాన్ని. భయపడితే చెమట, చెమట పడుతుందేమోనని మళ్ళీ భయం. మా జేజి, అంటే నాయనమ్మ, ఉప్పూ మిరపకాయలూ దిగదీసింది. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు దారం చెమటకు తడిసి మెడంతా నల్లరంగు దిగింది. వారం రోజులు ఆ గీత పోలేదు. బడిలో పిల్లలు ఎంత నవ్వారని!

నవ్వనిది ఒక్కతే. వాళ్ళది దూదేకుల ఇల్లు, మా వీధి వెనక సందులో. వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆ పిల్ల ఎంత దులుపుకుని వచ్చినా జుట్టులో, కనుబొమల మీద దూది పీచు ఉండేది. అందరూ "దూదిపిల్ల" అనేవాళ్ళు. నన్ను "చెమటచెయ్యి" అనేవాళ్ళు. ఒకరోజు చెమ్మచెక్క ఆటలో నా చెయ్యి పట్టుకోవడానికి ఎవ్వరూ ముందుకు రాలేదు. అప్పుడు తను వచ్చి రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

"ఛీ అనవా?" అన్నాను.

"ఏంటికి? మా ఇంట్లో అందరి చేతులూ పొడిపొడిగా ఉంటాయి. నీది చల్లగా బాగుండాది" అంది.

అంతే! ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకరిని విడిచి ఒకరం లేము. పరీక్షరోజు పావడా బొడ్డులోంచి ఇంత దూది తీసి నా గుప్పిట్లో పెట్టేది. "పిండుకుంటా రాయి" అనేది. నా భయాలన్నీ దానికి చెప్పేదాన్ని. అది ఓదార్చేది కాదు, లెక్కపెట్టేది. "ఈ పొద్దు ఎన్ని భయాలు మే? నాలుగేనా? నిన్న ఏడు ఉన్నాయి గదా!" అనేది. నాకు నవ్వొచ్చేది. నవ్వితే చెయ్యి ఆరేది.

ఇంక అసలు సంగతికొస్తాను. మా మేనత్త ఎర్రగుంట్లలో ఉండేది. మామకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. అత్తకు బిడ్డ పుట్టి, ఆదివారం పేరు పెడుతున్నామని కబురొచ్చింది. నాయన అన్నం తింటూ తింటూ నన్ను చూసి, "నువ్వూ రా. ఆ దూదేకులోళ్ళ పిల్లను గూడా పిల్చుకో. ఇద్దురికీ రైలు చూపిస్తా" అన్నాడు.

రైలు! మేమిద్దరం రైలును పుస్తకంలో బొమ్మగానే చూశాం. నేను అన్నం మధ్యలో లేచి, చెయ్యి కడక్కుండానే వెనక సందుకు పరుగు. విషయం చెప్పగానే దూదిపిల్ల ఎగిరిన ఎగురుడుకు ఏకిన దూది కుప్ప మీద పడింది. వాళ్ళ అమ్మ తిట్టింది. మేము వింటేగా! రైలు ఎంత పొడుగుంటుంది, మన వీధంత ఉంటుందా, అందులో వంట చేసుకుంటారా, చెయ్యి ఊపితే ఆపుతారా, ఇవే మాటలు మూడు రోజులు.

అంతలో మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయింది. పడుగు అయిపోతే పాత పోగుల కొసలు మగ్గానికే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, పాత పోగు ఒక్కోదానికీ కొత్త పోగు ఒక్కోటి అతకాలి. వేలకు వేలు. ఒకరు వరస తప్పకుండా రెండు కొసలు ఏరి అందిస్తారు, ఇంకొకరు కలిపి మెలిపెడతారు. మా వీధిలో ఆ పనికి జేజిని మించినవాళ్ళు లేరు. కానీ జేజికి ఆ వారమే కంటి ఆపరేషన్ చేశారు. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద పడుకుని ఉంది. వంగకూడదట. అమ్మేమో ఇంకో ఇంటికి కండెలకు నూలు చుట్టి ఇస్తానని ఒప్పుకుని రాట్నం వదల్లేకుండా ఉంది. వీధిలో తక్కిన ఆడవాళ్ళకు వాళ్ళ వాళ్ళ మగ్గాలే సరిపోయాయి.

"పడుగు అతకకుండా మగ్గం ఎండబెట్టి నేను యాడికీ రాను. పేరు పెట్టే పండగకు మీ అమ్మను పోయి రమ్మంటాలే" అన్నాడు నాయన.

అమ్మ పోతే ఒక్కతే పోతుంది. మేము రైలు చూసేదెప్పుడు? అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "మేమిద్దరం అతుకుతాం నాయనా" అన్నాను.

నాయన నా చేతుల వైపు చూశాడు. మంచం మీద నుంచి జేజి అంది: "కూచోనీరా. అతికేటప్పుడు వేళ్ళు బూడిదలో ముంచుకుంటారు గదా. బూడిద తగిల్తే ఏ చెమటైనా ఆరుతాది. నేను పక్కనే ఉండా, చెప్తాంటా."

శుక్రవారం బడి ఎగ్గొట్టి కూర్చున్నాం. కొబ్బరిచిప్పలో జల్లించిన బూడిద. జేజి పెట్టిన షరతులు రెండే. అందించే మనిషి లేకుండా ఒక్కరే అతకకూడదు. ఒకరు లేస్తే ఇంకొకరు కూడా చెయ్యి తియ్యాల్సిందే. దూదిపిల్ల అటుపక్క కూర్చుని పాత కొసా కొత్త కొసా ఏరి నా ముందుకు చాపింది. నేను బూడిదలో వేళ్ళు ముంచి, రెండూ కలిపి మెలివేసి, పక్కకు మడిచి ఒత్తాను. లాగి చూశాను. ఊడలేదు! ఇంకోటి. అదీ ఊడలేదు!

"జేజీ, నిలబడింది!"

"నిలబడక యాడికి పోతాది? కానీ, కానీ."

నా చేతులు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి. పదకొండేళ్ళలో మొదటిసారి నూలు పట్టుకున్నాను, ఎవరూ "లెయ్" అనలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోగుల మీదుగా దూదిపిల్ల నన్ను చూసి పళ్ళికిలించింది. మధ్యాహ్నానికి చేతులు తెల్లగా బూడిద కదా, అమ్మ వచ్చి ఊరిబిండి పూసిన రొట్టె తుంచి నాకొక ముక్క, దానికొక ముక్క నోట్లో పెట్టింది. దానికి పెద్ద ముక్క పెట్టావని నేను తగువు. "రెండు చేతులూ ఆడతానే ఉండాయి, నోర్లు గూడా ఆపరా మీరు" అని అమ్మ నవ్వింది. సాయంత్రానికి సగం అయిపోయింది.

శనివారం పొద్దున మళ్ళీ కూర్చున్నాం. ఇంకాస్త కష్టపడితే మధ్యాహ్నానికి అయిపోతుంది. అప్పుడు దూదిపిల్లను వాళ్ళ అమ్మ కేకేసింది. "ఇప్పుడే వస్తాండా, చెయ్యి పెట్టొద్దు మే" అని పరుగెత్తింది. జేజి నిద్రపోతోంది. నాయన వీధి చివర ఎవరికో పడుగు సాచడానికి సాయం పోయాడు. నేను కాసేపు ఊరికే కూర్చున్నాను. వేళ్ళు ఊరుకోవడంలేదు. రైలు గుర్తొచ్చింది. అది వచ్చేలోపు ఇంత చేసేసి దాన్ని నోరు తెరిపించాలనిపించింది. నేనే ఏరుకున్నాను, నేనే అతికాను. ఒకటి, పది, యాభై. జానెడు మేర చేసేశాను. మధ్యలో ఒకచోట కింద ఒక పాత కొస వేలాడుతున్నట్టు కనిపించింది. తెగిన ముక్కేమోలే అని లోపలికి తోసేశాను.

దూదిపిల్ల వచ్చి చూసి కళ్ళు పెద్దవి చేసింది. "యబ్బా, ఇంత చేసేసినావా! జేజి చూస్తే తంతాది."

"చెప్పొద్దు మే."

"నేనేంటికి చెప్తా?" అని తన చోట కూర్చుంది.

ఆ తర్వాత మేము పోటీలు పడి చేశాం. చివరికి అంచు దగ్గరికి వచ్చాం. చీరకు ఎర్రంచు. పాత పోగుల్లో ఎర్రది మొదలయ్యేచోట కొత్త పోగుల్లో కూడా ఎర్రదే రావాలి. దూదిపిల్ల రెండు కొసలూ చాపింది. పాతది ఎర్రది. కొత్తది తెల్లది.

ఇద్దరం ఆ రెండు కొసల వైపే చూస్తూ ఉండిపోయాం. ఒక తెల్లపోగు ఎక్కువ మిగిలిందంటే, వెనక ఎక్కడో ఒక పాత పోగు వదిలేశామన్నమాట. అక్కడి నుంచి ఇక్కడిదాకా ప్రతి అతుకూ ఒక స్థానం పక్కకు జరిగింది. అదంతా కోసి మళ్ళీ అతకాలి. నాకు వెంటనే తెలిసిపోయింది అది ఎక్కడో. లోపలికి తోసేసిన ఆ కొస నా కళ్ళ ముందే ఉంది.

సరిగ్గా అప్పుడే నాయన లోపలికి వచ్చాడు. వంగి చూశాడు. ముఖం మారిపోయింది. రాట్నం దగ్గర అమ్మ చెయ్యి కూడా ఆగిపోయింది.

"యాడనో తప్పినారు. ఎవురు తప్పినారు?" అన్నాడు.

కోపంగా కూడా అనలేదు. అయినా నా వేళ్ళ మీది బూడిద బురదైపోయింది. నా నోరు నా ప్రమేయం లేకుండా తెరుచుకుంది. "అందించినవే నేను అతికితి నాయనా. అందించింది అది" అన్నాను.

దూదిపిల్ల చటుక్కున లేచింది. అది ఓర్చుకునే రకం కాదు. "అబద్ధం! నేను అందించిన కాడ ఒక్కటి గూడా తప్పలేదు. నేను ఇంటికి పొయ్యింటే నువ్వే ఒక్కదానివే కూచోని చేసినావు. చేసినావా లేదా, చెప్పు మీ నాయనకు!"

"లేదు. అది పోయినాక నేను ముట్టుకోనే లేదు" అన్నాను.

నాయన ఒక నిమిషం మా ఇద్దరినీ చూశాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. "మగ్గం ఇంట్లో పుట్టిన బిడ్డ, అది పోగు తప్పదులే. ఆ పిల్లకు ఏం తెలుస్తాది పాపం, వాళ్ళ పని వేరు" అన్నాడు. దూదిపిల్లతో మెత్తగానే, "నువ్వింటికి పోమ్మా, ఇంగ మేము చూసుకుంటాం" అన్నాడు.

నాయన నోట ఆ మాట వినాలని నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో! మగ్గం ఇంటి బిడ్డ. నా చేతులను చూసి నూలు అవతలికి జరిపే మనిషి, నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు ఆ మాట. అన్నది మాత్రం నేను అబద్ధమాడిన క్షణంలో. నాకు ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. దూదిపిల్ల నా వైపు ఒక్కసారి చూసింది. ఏడవలేదు. బూడిద చేతులు పావడాకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అమ్మ వచ్చి కూర్చుంది. "మొదటి నుంచీ ఒక్కో అతుకూ చూసుకుంటా రావల్ల. తప్పు యాడుండాదో వెతకడానికే సాయంత్రమైతాది" అంది. "ఇంగ రేపు పోయేది లేదులే" అన్నాడు నాయన.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. చెప్తే నాయన అన్న మాట పోతుంది. చెప్పకపోతే దూదిపిల్ల పోతుంది. ఇంత చిన్న లెక్క నాకు అంతసేపు ఎందుకు తేలలేదో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది. అమ్మ మొదటి పిడికెడు పోగులు వేరుచేసింది. రెండో పిడికెడు పట్టుకుంది. సోమవారం బడిలో నా పక్కన ఎవరు కూర్చుంటారు అనుకున్నాను. ఆ ఖాళీ చోటు కళ్ళముందు కనబడగానే లేచాను. నేరుగా పోయి వేలు పెట్టి చూపించాను.

"ఈడ."

నాయన తలెత్తాడు. "నీకెట్ల తెలుసు?"

"ఈడ నేనొక్కదాన్నే ఉంటి."

వీధిలో తక్కిన మగ్గాల మోత వినిపిస్తూనే ఉంది. నాయన వంగి, నేను చూపించిన చోట పోగుల కింద వేలు పెట్టి లాగాడు. ఆ పాత కొస బయటికొచ్చింది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు.

"నిన్ను నమ్మి ఆ పిల్లను ఇంట్లోంచి పంపిస్తి గదమ్మా" అన్నాడు.

కొట్టి ఉంటే బాగుండేది. అప్పుడు భోరుమన్నాను. మంచం మీద నుంచి జేజి, "ఏడుపు తర్వాత ఏడ్చుకోవచ్చు. పోయి ఆ పిల్లను పిల్చుకోని రాపో" అంది.

పరుగెత్తాను. ఆ సందులో వాళ్ళ నాయన దూది ఏకుతున్నాడు. దూదేకే విల్లు తాడు మోగుతుంటే మనం మాట్లాడేది మనకే వినబడదు. చుట్టూ దూది మబ్బులా లేస్తోంది. దూదిపిల్ల ఒక మూల కూర్చుని దిండుగలీబులోకి దూది కూరుతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"తప్పు నాది మే" అన్నాను. విల్లు టొంయ్ టొంయ్.

"ఏందీ?"

"తప్పు నాది!"

"వినపళ్ళే!" అంది. విని ఉంటుంది, నాకు తెలుసు.

నాకు తిక్క రేగింది. ఊపిరంతా కూడదీసుకుని, "తప్పు నేనే చేసినా! అబద్ధం గూడా నేనే చెప్పినా!" అని అరిచాను. సరిగ్గా ఆ క్షణంలోనే వాళ్ళ నాయన విల్లు ఆపాడు. నా కేక సందంతా వినబడింది. ఎదురింటి గడపలో బియ్యం చెరిగే ముసలమ్మ చేట కింద పెట్టేసింది. వాళ్ళ నాయన మీసాల మీద దూదితో నన్ను చూస్తున్నాడు.

"ఏం తప్పమ్మా?" అన్నాడు.

దూదిపిల్ల నన్ను ఆయనకు జవాబు చెప్పనివ్వలేదు. నా దగ్గరికొచ్చి, "మీ నాయన ముందర చెప్పినావా?" అంది.

"చెప్పినా."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే నన్ను పొమ్మనింది నువ్వు కాదు, మీ నాయన. మీ నాయన్నే వచ్చి పిల్చమను."

మగ్గం వదిలి నాయన ఒక చిన్నపిల్లను బతిమాలడానికి ఈ సందులోకి వస్తాడా? "అట్ల ఎట్ల మే?" అన్నాను. "ఎట్లనో ఒకట్ల" అని మళ్ళీ దూది కూరడానికి కూర్చుంది. వాళ్ళ నాయన కసరబోయాడు, అది వినిపించుకోలేదు.

మళ్ళీ పరుగు. దారి పొడుగునా చేతులు కారుతున్నాయి. గుమ్మంలో నిలబడి, రొప్పుతూ, నాయనతో ఉన్నదున్నట్టు చెప్పాను. నాయన చేతిలో కత్తెర ఉంది. దాన్ని కింద పెట్టాడు. గుంజకు వేలాడుతున్న కండువా తీసి భుజాన వేసుకున్నాడు. బయటికి నడిచాడు. ఆయన వెనక నేను!

నాయన ఆ సందులో దూది మధ్య నిలబడ్డాడు. "ఏమప్పా, ఇట్ల వచ్చినావు?" అని వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు. నాయన ఆయనకు దండం పెట్టి, దూదిపిల్ల వైపు తిరిగాడు.

"అమ్మణ్ణీ, తప్పు మా పాపది. వినుకోకుండా నిన్ను పొమ్మనడం నా తప్పు. ఇంగా శానా పని ఉండాది. వస్తావా?"

అది వెంటనే లేస్తుందనుకున్నాను. లేవలేదు. చేతిలో ఉన్న దిండుగలీబు పూర్తిగా నింపి, మూతి కట్టి, పక్కన పెట్టి, అప్పుడు లేచింది. మా ఇద్దరికంటే ముందు నడిచింది. వెనక నుంచి వాళ్ళ నాయన, "ఉండప్పా, నేనూ వస్తా. పోగు పుట్టింది దూదిలోనే గదా!" అంటూ మీసాలు దులుపుకుంటూ బయల్దేరాడు. నాయన నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు, అది ఇంకా నాతో మాట్లాడలేదు.

తప్పిన చోటి నుంచి కోసేసి మళ్ళీ మొదలుపెట్టాం. అటుపక్క అది, ఇటుపక్క నేను. మేము అలసిపోయినప్పుడు మా చోట వాళ్ళ నాయన అందిస్తే అమ్మ అతికింది. ఎవరూ తొందరపడలేదు. ఎంతసేపటికో, తలెత్తకుండానే దూదిపిల్ల అడిగింది: "ఈ పొద్దు ఎన్ని భయాలు మే?"

"ఒకటే."

"ఏంది?"

"నువ్వు మాట్లాడవేమోనని."

"మాట్లాడతాండా గదా. ఇంగ లెక్క సున్నా" అని రెండు కొసలు చాపింది. పాతది ఎర్రది, కొత్తది ఎర్రది. పొద్దు ఇంకా గూట్లో పడలేదు.

ఆదివారం! మైదుకూరులో బస్సెక్కి, ప్రొద్దుటూరులో మారి, ఎర్రగుంట్ల. సిమెంటు దుమ్ము పడి చెట్లు, ఇంటి కప్పులు, మేకలు కూడా తెల్లగా ఉన్నాయి. దూదిపిల్ల బస్సు దిగుతూనే, "మే, ఈడంతా మా ఇంటి మాదిరే ఉండాది!" అని అరిచింది. అత్త ఇంట్లో బిడ్డకు పేరు పెట్టడం, నెయ్యి కారే ఓళిగలు తినడం అయ్యాక నాయన మమ్మల్ని స్టేషన్‌కు తీసుకుపోయాడు. మనుషులెక్కే రైలు అప్పుడే వెళ్ళిపోయిందన్నారు. మా ముఖాలు చూసి నాయన "ఉండండి, ఇంకోటి వస్తాది" అన్నాడు. వచ్చింది. కిటికీలు లేవు, మనుషులు లేరు, అన్నీ డబ్బాలే. గూడ్సుబండి! అయితేనేం? నేల అదిరింది! మా కాళ్ళు అదిరాయి! ఒకరినొకరు పట్టుకుని గొంతు చించుకుని అరిచాం. డబ్బాలు లెక్కపెడుతూ పోతే అది ఒక లెక్క, నేనొక లెక్క. అన్నిటికన్నా చివర చిన్న పెట్టె, అందులో జెండా పట్టుకుని ఒకాయన. మేము చేతులు ఊపాం. ఆయన కూడా చెయ్యి ఊపాడు.

"నాకు ఊపినాడు!" అన్నాను.

"నీకు కాదు, నాకు!" అంది అది.

ఆ తగువు బస్సులో సాగింది. ఇంటికొచ్చాక సాగింది. దానికి పెళ్ళై ఆదోనికి పోయాక ఉత్తరాల్లో సాగింది. నాకు పిల్లలు పుట్టారు, దానికి పుట్టారు. మా ఊళ్ళో మగ్గాల గుంటలు పూడ్చి వాటి మీద బండలు పరిచారు. దూదేకే విల్లును ఇప్పుడు పిల్లలెవరూ చూసి ఉండరు. ఏ పెళ్ళిలో కలిసినా మేము ముందు మాట్లాడుకునేది ఆ గార్డు గురించే. "ఆయప్ప నన్ను చూసే ఊపినాడు" అని అది, "నిన్నెవరు చూస్తారు, నీ ముందర నేను నిలబడింటి" అని నేను. మా మొగుళ్ళు లేచి అవతలికి పోయేవాళ్ళు.

రెండేళ్ళ కిందట దానికి గుండె ఆపరేషన్ అయింది. కర్నూలు ఆసుపత్రికి పోయాను. ముక్కుకు గొట్టం, చేతికి సూది. మనిషి సగమైంది. నేను పక్కన కూర్చుంటే కళ్ళు తెరిచి, గుర్తుపట్టి, మెల్లగా అంది: "మే, ఆ గార్డు... నీకే ఊపినాడు లే."

అది నాకు ఒప్పుకోవడమా? మా నాయననే తన గడప దాకా రప్పించుకున్న మనిషి! నాతో తగువు మానేస్తోందంటే ఇంక పోవడానికి సిద్ధమైందనిపించింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు. "ఏయ్! నోర్ముయ్! అట్ల ఒప్పుకోవద్దు! నాకు కాదు, నీకే ఊపినాడు. విన్యావా? నీకే!" అని అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చింది.

అది కాసేపు నన్నే చూసింది. పెదవి కొస కదిలింది.

"ఔ మల్ల" అంది. "నాకే ఊపినాడు. నీకెవరు ఊపుతారు?"

నర్సు నన్ను బయటికి పొమ్మంది. వరండాలో నిలబడి ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒకేసారి. పెద్ద డాక్టరు వచ్చి ఇంకో రెండు రోజులు గడవాలి అని వాళ్ళబ్బాయికి ఏదేదో చెబుతున్నాడు. నేను వినలేదు. అది బతుకుతుందని నాకు అప్పటికే తెలిసిపోయింది.